ముప్పై రెండున్నర డిగ్రీలు

మగ్గర్ మొసలి గుడ్లను 28 నుంచి 31 డిగ్రీల మధ్య, హెచ్చుతగ్గులు లేని వేడిలో పొదిగిస్తే పుట్టేవన్నీ ఆడపిల్లలే. 32.5 డిగ్రీల్లో పెడితే అన్నీ మగపిల్లలే. 31.5, 32, 33 డిగ్రీల దగ్గర రెండూ కలిసి వస్తాయి. మనుషుల్లోలాగా ఎక్స్, వై క్రోమోజోముల ప్రమేయం ఇందులో లేదు. గుడ్డు పాతిన ఇసుక ఎంత వేడెక్కిందో దాన్నిబట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే దారిలోని మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్‌ మొసళ్ల గుడ్ల మీద పరిశోధన చేసి జెఫ్రీ లాంగ్, హ్యారీ ఆండ్రూస్, రోములస్ విటేకర్ 1989లో ప్రచురించిన లెక్కలివి.

ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య ఉన్న తేడా ఒకటిన్నర డిగ్రీ. మే నెలలో తిరుపతి దగ్గరి మన ఏర్పేడులో పొద్దున ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యనే ఎండ అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది.

జూలో సరీసృపాల సంరక్షణ గురించి చెప్పాలంటే ఈ అంకెల దగ్గరే మొదలుపెట్టాలి. తిరుపతిలో శేషాచలం కొండల అడుగున 1987లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జూ పార్కుకు ఏర్పేడు నుంచి బస్సెక్కితే పూట తిరక్కుండా వెళ్లి రావచ్చు. వెళ్లినవాళ్లు పులి దగ్గర అరగంట నిలబడతారు. మొసలి దగ్గరికొచ్చేసరికి 'ఇది బతికే ఉందా?' అని పక్కవాళ్లను అడిగి ముందుకు కదులుతారు. కదలని జంతువుకు ఏం చాకిరీ ఉంటుందిలే అనుకోవడం సహజం. నిజానికి పులి తన ఒంటి వేడిని తానే చూసుకుంటుంది. పాము, మొసలి, తాబేలు అలా చూసుకోలేవు. వాటికి ఎండ, నీడ, తేమ, చీకటి అన్నీ మనిషి అమర్చి పెట్టాలి. అమర్చడంలో తప్పు జరిగితే అవి అరవవు, మూలగవు. తప్పు బయటపడేది వారాల తర్వాతో నెలల తర్వాతో. అందుకే వీటి కాపరికి థర్మామీటరు, తూకం, రాతపుస్తకం మూడూ చేతిలో ఉండి తీరాలి.

ఎండకూ నీడకూ మధ్య

అంతే బరువున్న పాలిచ్చే జంతువుకు కావలసిన శక్తిలో సుమారు పదో వంతుతో సరీసృపం బతికేస్తుంది. మనం తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. పాముకు ఆ ఖర్చు లేదు. వేడిని బయట నుంచి అరువు తెచ్చుకుంటుంది. జూలో పులికి వారంలో ఆరు రోజులు మాంసం వేసి ఒకరోజు ఉపవాసం ఉంచుతారు. పాముకు వారానికో, పది రోజులకో ఒకసారి చాలు. పెద్ద కొండచిలువ అయితే నెల ఆగినా నష్టం లేదు.

తిండి తక్కువే కావచ్చు, వేడి విషయంలో మాత్రం రాజీ లేదు. మన ప్రాంతపు పాముల్లో చాలావాటికి 28 నుంచి 32 డిగ్రీల ఒంటి వేడి హాయిగా ఉంటుంది. అలాగని గదంతా 30 డిగ్రీల్లో ఉంచేస్తే సరిపోదు. గదిలో ఒక మూల 33 డిగ్రీలు ఉంటే ఇంకో మూల 25 ఉండాలి. వేడి కావాలంటే ఇటు, వద్దంటే అటు పాము తనంతట తాను జరుగుతుంది. తిన్న పాము వేడి వైపు చేరుతుంది. కుబుసం విడిచేముందు తేమ ఉన్న చోట ముడుచుకుంటుంది. చిన్న గాజు పెట్టెలో ఈ తేడా తీసుకురావడం కుదరదు, పెట్టెంతా ఒకటే వేడి అయిపోతుంది. సరీసృపానికి చోటు ఎంత కావాలన్న చర్చలో చదరపు అడుగుల మాట ఎక్కువగా వినిపిస్తుంది. నన్నడిగితే ఆ చోటులో ఎన్ని డిగ్రీల తేడా ఉందన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

తిండికీ వేడికీ ఉన్న లంకె కొండచిలువలో స్పష్టంగా కనిపిస్తుంది. బర్మా కొండచిలువ పెద్ద ఎరను మింగాక దాని ఒంట్లో శక్తి వినియోగం విశ్రాంతి వేళలో ఉన్నదానికి నలభై రెట్లు దాటవచ్చు. మింగిన 48 గంటల్లో గుండె కండ సుమారు 40 శాతం పెరుగుతుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. అరుగుదల పూర్తయ్యాక ఆ గుండె మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది. ఇంత పని ఒంట్లో జరుగుతున్నప్పుడు గది చల్లబడితే అరుగుదల ఆగిపోతుంది. కడుపులో మాంసం కుళ్లుతుంది, పాము కక్కేస్తుంది, ఒక్కోసారి చనిపోతుంది కూడా. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర చలి 20 డిగ్రీల లోపుకు దిగినప్పుడు పాములకు, మొసళ్లకు తిండి తగ్గించేది అందుకే. 'పాపం ఏమీ పెట్టడం లేదు' అని చూసేవాళ్లు బాధపడతారు. ఆ రోజుల్లో పెట్టకపోవడమే దయ.

విదేశాల పుస్తకాల్లో సరీసృపాల గది అనగానే దీపాలు, హీటర్లు, వేడి రాళ్లు కనిపిస్తాయి. లండన్ జూలో 1849లో, ప్రపంచంలోనే మొదటిదిగా చెప్పుకునే సరీసృపాల భవనం తెరిచారు. అక్కడివాళ్లకు వేడి పుట్టించడమే సమస్య. రాయలసీమలో అందుకు తలకిందులు. ఎండాకాలంలో 42, 43 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. చాలా సరీసృపాలకు ఒంటి వేడి 40 దాటితే ప్రాణం మీదికొస్తుంది. అడవిలో ఉడుము బొరియలోకి దూరుతుంది, మొసలి గట్టులో సొరంగం తవ్వుకుని లోపల పడుకుంటుంది. సిమెంటు తొట్టిలో మొసలి ఏం తవ్వుతుంది? అందుకే మొసళ్ల గుంటలో నీళ్లు మోకాలి లోతు ఉంటే చాలదు. పైన నీరు కాగినా అడుగున చల్లగా ఉండేంత లోతు కావాలి. గట్టున సిమెంటు బదులు మట్టి ఉండాలి, పగలంతా నీడనిచ్చే చెట్టు ఉండాలి. మన జూలకు హీటరు కన్నా వేపచెట్టు విలువైన పరికరం.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. పాములు, బల్లులు, మెట్ట తాబేళ్లు ఒంట్లోని వ్యర్థాన్ని మనలా పలచటి మూత్రంగా వదలవు. యూరిక్ ఆమ్లంగా, సున్నం ముద్దలా వదులుతాయి. ఎడారిలో బతకడానికి అది గొప్ప ఉపాయం. పంజరంలో నీళ్లు సరిగా అందకపోతే మాత్రం అదే యూరిక్ ఆమ్లం మూత్రపిండాల్లో, గుండె చుట్టూ పేరుకుపోతుంది. మనుషుల్లో వచ్చే గౌట్ లాంటి జబ్బే ఇది, వీటిలో చాలాసార్లు చనిపోయాకే బయటపడుతుంది.

పెన్సిల్ గీత

మొసలి గుడ్డును చేతుల్లోకి తీసుకునే పద్ధతి ఒకసారి చూడండి. ఆడ మగ్గర్ వేసవి మొదట్లో గట్టున గొయ్యి తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెడుతుంది. కాపరి మెల్లగా ఇసుక తోడి గుడ్డు కనపడగానే దాన్ని కదపడు. ముందు జేబులోంచి పెన్సిల్ తీసి పైభాగాన చిన్న గీత గీస్తాడు. ఆ గీత పైకే ఉండేలా ఎత్తి, పైకే ఉండేలా ఇసుక పరిచిన పెట్టెలో దింపుతాడు. కోడిగుడ్డును కోడి రోజూ దొర్లిస్తుంది. మొసలి గుడ్డులో అలా కాదు. పెట్టిన ఒక రోజులోపే పిండం పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. గుడ్డు బతికే ఉందని చెప్పేది పెంకు మీద కనిపించే తెల్లటి పట్టీ. మొదట చిన్న మచ్చలా మొదలై రోజురోజుకూ వెడల్పవుతూ గుడ్డు చుట్టూ తిరుగుతుంది. పట్టీ రాని గుడ్లను పక్కన పెడతారు. రెండు నెలలు అటూ ఇటూగా, గుడ్డులోంచే పిల్లల అరుపు వినిపిస్తుంది. అడవిలో అయితే ఆ పిలుపు విని తల్లి గూడు తవ్వుతుంది. జూలో కాపరి తవ్వాలి.

ఈ విద్య మన తెలుగు నేల మీద బాగానే సాగింది. చర్మం కోసం వేటాడటంతో 1970ల నాటికి దేశంలో మొసళ్లు అంతరించే దశకు చేరాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1975లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో మొసళ్ల పెంపకం, నిర్వహణలో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఏర్పడింది. మంజీరా నది మీద 1978లో మొసళ్ల కోసమే అభయారణ్యం ప్రకటించారు. నాగార్జునసాగర్ దగ్గర ఎత్తిపోతలలో పెంపకం కేంద్రం నడిచింది. గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని కొన్నేళ్లు పెంచి, తట్టుకోగల సైజు వచ్చాక నదిలో వదలడం అప్పటి పద్ధతి.

పథకం మగ్గర్ విషయంలో ఎంత బాగా నడిచిందంటే అదే కొత్త చిక్కు తెచ్చింది. ఒక్క ఆడ మొసలి ఏటా పాతిక ముప్పై గుడ్లు పెడుతుంది. మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్‌లో కొన్ని ఆడ మగ్గర్లు ఒకే ఏడాదిలో రెండు విడతలు పెట్టాయి. నదుల్లో వదలడం ఆగిపోయింది, పిల్లలు పుట్టడం ఆగలేదు. 1976లో మొసళ్లను కాపాడటానికి పెట్టిన ఆ సంస్థ చివరికి 1,000 మగ్గర్లను గుజరాత్‌లోని జామ్‌నగర్ కేంద్రానికి తరలించాల్సి వచ్చింది. దాని మీద కేసు పడి, 2022లో మద్రాస్ హైకోర్టు తరలింపును సమర్థించింది. ఇప్పుడు చాలా జూలలో మొసలి సంరక్షణ అంటే గుడ్లను వెతికి తీసి, పొదగనివ్వకుండా చూడటం. ఆడవాటినీ మగవాటినీ వేరు గుంటల్లో ఉంచడం. పెన్సిల్ గీత గీయడం నేర్చుకున్న చేతులే ఆ గుడ్లను తీసి పారేయాలి. కష్టమైన పనే, కానీ చోటు లేని గుంటలో మొసళ్లు ఒకదాని కాలు ఒకటి కొరుక్కుంటూ బతకడం కన్నా ఇదే న్యాయమని నాకనిపిస్తుంది.

58,000

పాముల దగ్గర లెక్కలు మారతాయి. ఇక్కడ కాపరి ప్రాణం కూడా లెక్కలోకి వస్తుంది. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే సగటున ఏడాదికి 58,000 మంది. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏర్పేడు మండలంలో వేరుశనగ, వరి చేలల్లో పనిచేసేవాళ్లకు ఈ సంఖ్య గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

మన దగ్గర దొరికే విరుగుడు మందు నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. దాని తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుళ తెగకు చెందిన పాములు పట్టేవాళ్ల సహకార సంఘం నుంచి వస్తోంది. 1978లో పుట్టిన సంఘం అది. పట్టి తెచ్చిన పామును కుండలో కొన్ని వారాలు ఉంచి, వారానికోసారి చొప్పున నాలుగుసార్లు విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. వదిలేముందు పొట్ట పొలుసు మీద చిన్న గుర్తు పెడతారు, అదే పాము వెంటనే మళ్లీ పట్టుబడకుండా. స్వర్ణముఖి ఒడ్డు ఊళ్లలో, నెల్లూరు వైపు ఉండే మన యానాదులకు కూడా పాము జాడ పట్టే విద్య తరతరాలుగా వచ్చినదే. పుట్ట దగ్గర రాలిన పొలుసు, మట్టిలో జారిన గీత చూసి ఏ పామో చెప్పగలవాళ్లున్నారు. ఆ జ్ఞానానికి జూలలో, పాముల రక్షణ బృందాల్లో జీతం, గౌరవం రెండూ దొరకాలి.

విషపాముల గదికి కొన్ని నియమాలు తప్పవు. ఒంటరిగా ఎవరూ తలుపు తీయకూడదు. పామును కొక్కెం కర్రతో ముందు పక్క పెట్టెలోకి దాటించి, మధ్య పలక మూసి, అప్పుడు గది ఊడవాలి. తలుపు తీసేముందు పాములెన్నో లెక్కపెట్టాలి, మూసేముందు మళ్లీ లెక్కపెట్టాలి. విరుగుడు మందు ఎక్కడుందో, గడువు తేదీ ఏమిటో గోడ మీద రాసుండాలి. కాటు పడితే మొదటి విడతగానే 8 నుంచి 10 వయల్స్ ఎక్కిస్తారు, కాబట్టి ఒకటో రెండో దాచుకుంటే పనికిరాదు. రాచనాగును పెంచే జూకు ఇంకో ఇబ్బంది ఉంది. మన నాలుగు పాముల మందు దాని విషానికి పనిచేయదు. పైగా అది తినేది ప్రధానంగా పాముల్నే, అంటే దాన్ని పోషించడానికి వేరే పాములు సమకూర్చాలి.

కొత్తగా వచ్చిన పామును వెంటనే మిగతావాటితో కలపకూడదు. కనీసం 30 రోజులు విడిగా ఉంచాలి. పాములకు సోకే కొన్ని వైరస్‌లు ఆలస్యంగా బయటపడతాయి కాబట్టి 90 రోజులు ఉంచమని నిపుణులు చెబుతారు. ఆ రోజుల్లో మల పరీక్ష, కడుపులో పురుగులకు మందు, వారానికోసారి తూకం. ఉపవాసం ఉన్న పాము బరువు పది శాతం తగ్గిందంటే పశువైద్యుణ్ణి పిలవాల్సిందే. కంటికి ఆ పాము నిన్నటిలాగే కనిపిస్తుంది. తగ్గిన సంగతి తూకమే చెప్పాలి.

శ్రీకాళహస్తి పక్కనే ఉన్నవాళ్లం, రాహుకేతు పూజ చేయించుకోవడానికి దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్లను రోజూ చూసేవాళ్లం. పాము మీద మనకున్న భక్తి నిజమైనది. పుట్టలో పోసే పాలు మాత్రం పాముకు తిండి కాదు. పాలు అరిగించుకునే కడుపు దానికి లేదు. దాహంతో మాడిన పాము పాలు తాగినా జబ్బుపడుతుంది. జూ గాజు మీద కొట్టడం కూడా అలాంటిదే. పాముకు బయటికి కనిపించే చెవి లేకపోయినా దవడ ఎముకల ద్వారా కంపనం దానికి బాగా తెలుస్తుంది. కట్లపాము రాత్రి తిరిగే జీవి, పగలంతా దాక్కోవాలి. ఆదివారం నాడు వేలమంది ఒకరి తర్వాత ఒకరు గాజు తడితే అది తిండి మానేస్తుంది.

నూట పాతికేళ్ల తాబేలు

హైదరాబాద్ నెహ్రూ జూలో 2024 మార్చిలో ఒక గాలపగోస్ తాబేలు చనిపోయింది. వయసు సుమారు 125 ఏళ్లని జూ ప్రకటించింది. 1963లో జూ తెరిచినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ నుంచి తెచ్చినది అది. అప్పటికే దానికి అరవై దాటాయి. ఉద్యోగంలో ముప్పై ఏళ్లుండే కాపరి లెక్కన, ఆ తాబేలు ఒక్క నెహ్రూ జూలోనే రెండు తరాల కాపరులను చూసింది. కోల్‌కతా అలీపూర్ జూలో 2006లో చనిపోయిన అద్వైత అనే ఆల్డాబ్రా తాబేలుకు 250 ఏళ్లని చెబుతారు. ఇంత ఆయుష్షున్న జీవిని తెచ్చుకున్న జూ, ఇంకా పుట్టని కాపరులకు కూడా పని అప్పగించినట్టే. 1963లో ఏం తినేది, ఏ నెలలో మందగించేది అన్నది రాసిపెట్టి ఉంటేనే 2020లో వచ్చిన డాక్టరుకు దారి తెలుస్తుంది.

మన జిల్లాకు దగ్గరి తాబేలు మాత్రం నక్షత్ర తాబేలు. నల్లటి డిప్ప మీద పసుపు కిరణాలు, అరచేతిలో ఇమిడే పిల్ల. ఆ అందమే దానికి శాపమైంది. దేశంలోని ఒక్క సేకరణ కేంద్రం నుంచే ఏడాదిలో కనీసం 55,000 పిల్ల తాబేళ్లు అక్రమంగా తరలిపోయాయని 2015లో వచ్చిన అధ్యయనం తేల్చింది. 2019లో దీన్ని అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించే జాబితాలో చేర్చారు. 2022 సవరణతో మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లోకి వచ్చింది. అయినా విమానాశ్రయాల్లో, రైళ్లలో సంచుల కొద్దీ పట్టుబడుతూనే ఉన్నాయి. పట్టుబడ్డవి చివరికి జూకే చేరతాయి.

ఇంట్లో పెంచిన తాబేలు జూ ఆసుపత్రికి వచ్చినప్పుడు డిప్ప మీద వేలితో నొక్కి చూస్తారు. ఆరోగ్యంగా పెరిగిన తాబేలు డిప్ప రాయిలా ఉంటుంది. గదిలో పెరిగినది అట్టపెట్టెలా లోపలికి పోతుంది. కారణం ఎండ. సూర్యకాంతిలో 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత కిరణాలు తగిలితేనే దాని చర్మంలో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. మామూలు కిటికీ గాజు ఆ కిరణాలను లోపలికి రానివ్వదు. 'కిటికీ దగ్గరే పెట్టాం, ఎండ బాగా తగులుతుంది' అనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. తిండిలో కాల్షియం, భాస్వరం రెండుకి ఒకటి పాళ్లలో ఉండాలి. అన్నం, బ్రెడ్డు, టమాటా పెడితే ఆ పాళ్లు తలకిందులవుతాయి. గడ్డి, మునగాకు, మందార ఆకు, బ్రహ్మజెముడు దానికి సరైన మేత.

డిప్ప మీద గుబ్బలు లేచి గుట్టల్లా కనిపించే తాబేళ్లను కూడా చూస్తుంటాం. మాంసకృత్తులు ఎక్కువైతే అలా అవుతుందని చాలాకాలం అనుకున్నారు. 2003లో వియన్నాలో ఆఫ్రికా తాబేలు పిల్లలను అయిదు నెలలు పెంచి చూస్తే అసలు కారణం గాలిలో తేమ చాలకపోవడమని తేలింది. మాంసకృత్తుల పాత్ర చాలా తక్కువ. మెట్టనేల తాబేలుకు తేమ ఎందుకు అనిపిస్తుంది. కానీ పిల్ల తాబేలు పగలంతా పొద కింద, తడి ఆరని ఆకుల్లో దూరి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడిలో భక్తులు సమర్పించిన నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. అలాంటి చోట భక్తితో పాటు ఈ తేమ లెక్క, మేత లెక్క తెలిసినవాళ్లు ఉండటం ఎంత అవసరమో చెప్పలేను.

కోనేట్లో నాణెం వేసే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. థాయిలాండ్‌లో ఒక ఆడ సముద్ర తాబేలు కడుపులోంచి 2017లో 915 నాణేలు తీశారు. బరువు సుమారు అయిదు కిలోలు. అదృష్టం కోసం జనం కొలనులోకి విసిరినవే. ఆపరేషన్ అయ్యాక రెండు వారాలకే అది చనిపోయింది. అదే చట్టంలో 38జె సెక్షన్ జూలో జంతువును ఏడిపించడం, గాయపరచడం, తిండి వేయడం నేరమంటుంది. మొసలి కదులుతుందేమో చూద్దామని విసిరే గులకరాయి ఆ సెక్షన్ కిందికే వస్తుంది.

జూకు చేరకూడని సరీసృపాలు కూడా ఉన్నాయి. తిరుమల కొండల్లో ఉండే బంగారు బల్లిని ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ 1870లో లోకానికి పరిచయం చేశాడు. తర్వాత వందేళ్లకు పైగా దాదాపు ఎవరికీ కనపడకుండా పోయి, 1980ల్లో అదే కొండల్లో మళ్లీ దొరికింది. వాగు పక్కన తేమ ఊరే రాతి చీలికలోని చల్లదనాన్ని ఏ గాజు పెట్టెలోనూ పుట్టించలేం. ఆ బండను కాపాడితే చాలు.

పట్టుబడ్డ నక్షత్ర తాబేళ్ల విషయం అంత తేలిక కాదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా, గుజరాత్ వైపువి, దక్షిణాదివి జన్యుపరంగా వేరు. ఎక్కడివో తెలియకుండా ఏదో ఒక అడవిలో వదిలేస్తే రక్తాలు కలుస్తాయి, కొత్త జబ్బులు పాకుతాయి. సింగపూర్‌లో పట్టుబడి వెనక్కి వచ్చిన తాబేళ్లను నెహ్రూ జూలో ఉంచి, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వాటి డీఎన్‌ఏ చూసి ఏ ప్రాంతానివో గుర్తించే ప్రయత్నం చేశారు. ఆ పరిశోధన 2006లో వెలువడింది. 2018లో సింగపూర్ నుంచి మరో 51 తాబేళ్లు బెంగళూరుకు వచ్చాయి. ఇప్పుడు ఏర్పేడు మండలంలోనే ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. జన్యు పరీక్ష చేయగల విద్య గంట దూరంలో ఉన్నప్పుడు, రేపు మన జిల్లాలో పట్టుబడే తాబేలు ఏ గుట్టదో తేలడానికి ఏళ్లు పట్టకూడదు. తేలేదాకా వాటిని వచ్చిన సంచి లెక్కన విడివిడిగా ఉంచాలి, ప్రతి డిప్పకూ ఒక నంబరు ఇవ్వాలి, ఆ నంబరు కింద నెలనెలా బరువు రాయాలి.